సగం దగ్గర ఆగిన ముల్లు

ఆటో ఎలక్ట్రికల్ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్ళకి ముందుగా ఒక శుభవార్త. మీరు నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. బండికి ల్యాప్‌టాప్ తగిలించండి, అది ఏం చెబితే అది చదవండి, పార్టు మార్చమంటే మార్చండి. కస్టమర్ మరీ గుచ్చి గుచ్చి అడిగితే "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్" అనండి. ఆ మాట వినగానే ఎంత చదువుకున్నవాడైనా నోరు మూసుకుంటాడు. మా రోజుల్లో మాకు ఇంత సుఖం లేదు. బండి తనంతట తాను ఏమీ చెప్పేది కాదు, మేమే కిందా మీదా పడి దాని చేత చెప్పించుకునేవాళ్ళం.

నేను చింతపల్లిలో మీటర్ల మేస్త్రిని. జీపు అయినా లారీ అయినా డాష్‌బోర్డులో ముల్లు కదలకపోతే నా షెడ్డుకే వచ్చేది. చివరి ఆరేళ్ళు మాత్రం విశాఖలో ఒక కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో, ఏసీ గదిలో, చేతికి నల్లమరక అంటకుండా పనిచేశాను. ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నాను. ఖాళీగా దొరికిన మేస్త్రిని జనం అడిగే ప్రశ్న ఒకటే. "కొత్త కారు కొంటున్నాం, ముల్లు మీటరు మంచిదా, డిజిటల్ మంచిదా?" బ్రేకుల సంగతి అడగరు, ఇంజను సంగతి అడగరు. పెళ్ళికొడుకు ఏం పని చేస్తాడో అడక్కుండా సూటు రంగు అడిగినట్టు ఉంటుంది వ్యవహారం.

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉంది. అది నాకు ఊరికే తెలియలేదు. దానికోసం ఒక మనిషికి కన్ను పోయింది. పోయింది నా కన్ను కాదు కాబట్టి నేను చాలాకాలం హాయిగానే ఉన్నాను.

సాహెబు స్టవ్వు

నాకు పని నేర్పింది నర్సీపట్నంలో ఒక పెద్దాయన. అందరూ సాహెబు అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి. ఆయన షెడ్డులో ఒక కిరసనాయిలు స్టవ్వు, దాని మీద ఒక సత్తు గిన్నె ఉండేవి. ఇంజను వేడి చూపించే మీటరు ఏది బాగుచేసినా, దాని సెన్సారుని ఆ గిన్నెలో వేసి నీళ్ళు మరిగించి, ముల్లు ఎక్కడికి లేస్తుందో చూడకుండా బండికి బిగించనిచ్చేవాడు కాదు. అదే గిన్నెలో మాకు టీ కూడా కాచేవాడు. అంత నమ్మకమైన సెన్సారు టీ మళ్ళీ ఎక్కడా తాగలేదు.

మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. స్క్రూడ్రైవర్ విసరడం మాత్రం బాగా వచ్చు. ఒకసారి ఒక లారీలో డీజిలు ముల్లు కాస్త కిందకి చూపిస్తోందని, ఎవరు విప్పుతారులే అని వేలితో పైకి వంచి అద్దం మూసేశాను. డ్రైవరు మహా సంతోషించాడు. ఆ లారీ సీలేరు దారిలో డీజిలు లేక ఆగిపోయింది. సాహెబు నన్ను తిట్టలేదు. చేతిలో రెండు డీజిలు డబ్బాలు పెట్టి బస్సెక్కించాడు. దిగిన చోటి నుంచి నడిచి వెళ్ళి పోసి వచ్చాను.

తిరిగి వచ్చాక ఒక మాట అన్నాడు. "ముల్లు అబద్ధం చెబుతోందని డ్రైవరుకి తెలీదురా. నీకు తెలుసు. అందుకని ఆ అబద్ధం ముల్లుది కాదు, నీది." ఈ మాట నేను బాగానే గుర్తు పెట్టుకున్నాను. పాటించడంలోనే కొంచెం ఇబ్బంది వచ్చింది.

అందరూ చదివే మీటరు

సొంత షెడ్డు పెట్టుకుని చింతపల్లి వచ్చాక నాకు తెలిసింది, ఏజెన్సీ జీపులో మీటరు డ్రైవరు ఒక్కడిదే కాదని. కింద నుంచి లంబసింగి ఘాట్ ఎక్కే జీపులో ముందు సీట్లోనే డ్రైవరు కాక నలుగురు ఉండేవారు. వెనక ఎంతమంది ఉన్నారో దిగేటప్పుడు లెక్కపెట్టుకోవలసిందే. ముందు కూర్చునే పెద్దవాళ్ళకు అక్షరం ముక్క రాదు, అంకెలు రావు. కానీ వేడి ముల్లు చదవడం అందరికీ వచ్చు. అడ్డంగా కూర్చున్నా, కోడిపుంజు ఒళ్ళో ఉన్నా, ఓరకంట చూసి చెప్పేసేవారు.

"ఓరి గుంటడా, ముల్లు లేసిపోతంది. బండాపు," అనేది ఎవరో ఒక ముసలమ్మ.

ఘాట్ మధ్యలో గెడ్డ దగ్గర, అంటే కొండవాగు దగ్గర, జీపు ఆగేది. అందరూ దిగేవారు. చుట్టలు వెలిగేవి. డ్రైవరు బానెట్ ఎత్తి నిలబడేవాడు. దీనికొక పద్ధతి ఉంది. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పే ఉంచి, ముల్లు వంక చూస్తూ ఉండాలి. ముల్లు ఎర్రగీత నుంచి సగానికి దిగాలి. సగానికి దిగితే రేడియేటర్ మూత మీద గోనెపట్టా వేసి మెల్లగా తిప్పి నీళ్ళు పోయాలి. సగం దాటి ఉంటే ముట్టుకోకూడదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు, నేర్పిన మనిషీ లేడు. అయినా ఆ ఘాట్‌లో జీపు తోలే ప్రతివాడికీ తెలుసు. మీటర్ల మేస్త్రిని కాబట్టి నాకు అందరికంటే బాగా తెలుసు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మీటరు చచ్చిన మంచి జీపు

వంతల సోమన్న జీపు ఆ దారిలో తిరిగేది. లంబసింగి పక్క ఊరివాడు, నా ఈడు మనిషి. కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బుతో పాత జీపు కొనుక్కున్నాడు. తన ఊళ్ళో మొదటి బండి అది. దాన్ని కడిగినంత శ్రద్ధగా తన మొహం కడుక్కునేవాడు కాదు.

అదే దారిలో ఇంకో జీపు ఉండేది. దాని మీటర్లన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. ముల్లు కింద పడుకుని ఉండేది, లేచేది కాదు. ముల్లు లేవదు కాబట్టి ఎవరూ ఆపమనేవారు కాదు. ఆపరు కాబట్టి అది సంతకి ముందు చేరేది. అందుకని జనం తేల్చిన తీర్పు ఏమిటంటే, అది మంచి జీపు, వేడెక్కదు. సోమన్నది చెడ్డ జీపు, ఎప్పుడూ వేడెక్కుతుంది. జ్వరం చూసుకోని వాడు ఆరోగ్యవంతుడు అన్నట్టు. పైగా లంబసింగి చలి ఒకటి సాక్ష్యం. గడ్డి మీద మంచు గడ్డకట్టే చోట ఇంజనుకి వేడేమిటని అడిగితే ఎవడు జవాబు చెబుతాడు?

సోమన్న నా దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, జనం ఎల్లిపోతన్నారు. నా ముల్లుని కూడా సంపెయ్యి."

"చంపితే ఎలా సోమన్నా? నీకు వేడి ఎలా తెలుస్తుంది?"

"ఆడికెలా తెలుత్తంది? ఆడి బండి తిరగతన్నాది గదా. నాకు రోజూ గెడ్డ కాడే పొద్దు పోతంది. బేగి ఏటో ఒకటి సెయ్యి."

చంపనని చెప్పి పంపించేసి ఉంటే నేను మంచి మేస్త్రిని. చంపేసి ఉన్నా ఒక రకంగా మంచిదే, చచ్చిన ముల్లుని ఏ డ్రైవరూ నమ్మడు. నేను తెలివైన మేస్త్రిని. అందుకని మధ్యే మార్గం కనిపెట్టాను. సెన్సారు నుంచి మీటరుకి వచ్చే వైరు మధ్యలో కోసి కరెంటుని కొంత అడ్డుకునే చిన్న రెసిస్టర్ ఒకటి కలిపి, పైన నల్లటేపు చుట్టాను. పొద్దున బండి తీస్తే ముల్లు కింద ఉంటుంది. ఇంజను వేడెక్కుతుంటే బుద్ధిగా లేస్తుంది. సగం దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. ఇంక ఇంజను కాలిపోయినా అంగుళం కదలదు. చూసేవాడికి ఎక్కడా అనుమానం రాదు.

ఆ పనితనానికి నన్ను నేను మెచ్చుకున్నాను. గిన్నెలో నీళ్ళు పెట్టి పరీక్ష కూడా చేశాను, సాహెబు శిష్యుణ్ణి కదా. నీళ్ళు కుతకుత ఉడుకుతుంటే ముల్లు సగం దగ్గర నవ్వుతూ నిలబడింది. సోమన్న కూడా నవ్వాడు.

"జనం బయపడకండా ఉంటే సాలు," అన్నాడు.

గెడ్డ దగ్గర

మూడు నెలలు అందరూ సంతోషంగా ఉన్నారు. సోమన్న జీపు మంచిదైపోయింది. జనం తిరిగొచ్చారు. "మేస్త్రి సెయ్యి పడితే ఇంజనే సల్లబడిపోనాది" అని సంతలో నాకు పేరు కూడా వచ్చింది.

తర్వాత ఒకరోజు పొద్దున్న సంతకి ఎక్కుతుంటే కింద హోస్‌కి సన్నటి చీలిక పడి నీళ్ళు సగం కారిపోయాయి. బండి లాగడం మానేసింది. గెడ్డ దగ్గర సోమన్న ఆపాడు. ముల్లు చూశాడు. సగంలో ఉంది. వెనక నుంచి ఎవరో "సలికి డీజిలు గట్టిపడిపోనాదేటో" అన్నారట. సోమన్న బానెట్ ఎత్తాడు. ముల్లు సగంలో ఉంటే మూత తియ్యవచ్చు కదా. గోనెపట్టా వేసి తిప్పాడు.

మరిగిన నీళ్ళు, ఆవిరి ఒక్కసారి లేచి కుడిచెయ్యి, మెడ, మొహం కాల్చేశాయి. కుడికన్ను పోయింది.

మీరు అడుగుతారు, ఆ ముల్లు అబద్ధమని అతనికి తెలుసు కదా అని. తెలుసు. నేనూ అదే అనుకుని చాలాకాలం ధైర్యం తెచ్చుకున్నాను. కానీ మనిషి ఒకదాన్ని రోజూ చూస్తుంటే, అది అబద్ధమని ఒకప్పుడు తెలిసినా, చూసి చూసి నమ్మేస్తాడు. అందులోనూ నేను ముల్లుని ఆపింది ఎక్కడ? ఎక్కడో కాదు, మూత తియ్యవచ్చని ఆ ఘాట్‌లో అందరూ గుర్తు పెట్టుకున్న చోట. కాస్త పైనో కిందో ఆపి ఉంటే అతను ఒక్క క్షణం ఆలోచించేవాడేమో. నాకు ఆ పద్ధతి తెలుసు. తెలిసి కూడా, చూడడానికి బాగుంటుందని సగం దగ్గర ఆపాను.

జీపుని తాళ్ళు కట్టి లాక్కుని నా షెడ్డుకే తెచ్చారు. నేను చేసిన మొదటి పని, టేపు విప్పి ఆ రెసిస్టర్ తీసేసి, వైరు మామూలుగా కలిపేయడం. తర్వాతే ఇంజను చూశాను. ఇంజను పైభాగం, అంటే హెడ్డు, పగిలింది. సాయంత్రం ఆ రెసిస్టర్ గెడ్డలో పారేశాను. సంతలో జనం "కాలిపోతన్న ఇంజను మూత ఎవులైనా తీత్తారేటి, బుద్ది లేనోడు" అనుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. కాదనలేదు. తల కూడా ఊపాననుకుంటాను.

నర్సీపట్నం ఆసుపత్రిలో చూడడానికి వెళ్ళాను. మొహమంతా కట్టు. నా గొంతు గుర్తుపట్టాడు.

"ఇంజను ఏటయింది మేస్త్రీ?"

"హెడ్డు పోయింది."

ఇంకేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. జీపు అమ్మేసి తోటలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు.

పైవాళ్ళ పనితనం

అన్నేళ్ళూ ఆ రెసిస్టర్ నాలాంటి కొండమేస్త్రి బుర్రలో పుట్టిన పాపమని లోలోపల అనుకునేవాణ్ణి. విశాఖ సర్వీస్ సెంటర్‌లో చేరాక నా బెంగ తీరింది. అక్కడ ఒక మేనేజరు ఉండేవాడు. నా కొడుకు వయసు, కడిగిన గ్లాసులా మెరిసేవాడు. ఒకరోజు ఒక కొత్తకారుకి ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను అసలు వేడి చూస్తున్నాను. అంకె ఎనభై నుంచి వంద దాటి పైకీ కిందకీ ఊగుతోంది. డాష్‌బోర్డు తెర మీద వేడి చూపే ఎనిమిది గీతల్లో మాత్రం సగం, నాలుగే, కదలకుండా వెలుగుతున్నాయి.

మీటరు చెడిందని రాశాను. మేనేజరు నవ్వి, నన్ను పక్కకి పిలిచి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"చెడలేదండీ. డిజైనే అంత. వేడి కాస్త అటూ ఇటూ అయినప్పుడల్లా గీతలు కదిలితే కస్టమర్ కంగారుపడి ఫోన్ చేస్తాడు. కస్టమర్ భయపడకూడదు కదండీ?"

ఆ మాట నేను ఎక్కడ విన్నానో మీకు తెలుసు. సోమన్న జీపులో నేను చేసిన పనే వీళ్ళూ చేశారు, కాకపోతే టై కట్టుకుని చేశారు. ముల్లు ఉన్న కార్లలో కూడా ఇదే పద్ధతి ఉన్నవి చూశాను. ఇప్పుడు కొన్నిట్లో ఆ నాలుగు గీతలు కూడా పీకేసి ఒక ఎర్రదీపం పెట్టారు. అంతా అయిపోయాక వెలుగుతుంది. చాలా మర్యాదస్తురాలు, పరామర్శకి వచ్చినట్టు వస్తుంది.

డిజిటల్ని ఉత్తినే తిట్టడం లేదు. స్పీడు అంకెల్లో చూపిస్తే మంచిదే. పాత స్పీడు ముల్లు కేబులు ఎండిపోతే శివాలెత్తినట్టు ఊగేది, నలభైలో వెళ్తున్నామో ఎనభైలో వెళ్తున్నామో దేవుడికి తెలియాలి. అయితే ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్ళవచ్చో చెప్పే అంకె ఒకటి ఉంది చూశారూ, దాన్ని మాత్రం కొండల్లో నమ్మకండి. మైదానంలో నడిచిన లెక్క పట్టుకుని జోస్యం చెబుతుంది. మంచు చూడడానికి వచ్చిన ఒక కుర్ర జంట ఘాట్ కింద నూట ముప్ఫై చూసుకుని పెట్రోలు బంకు దాటేశారు, పైకొచ్చేసరికి అంకె ముప్ఫై అయింది. తిరిగి ఘాట్ దిగుతుంటే మళ్ళీ పెరుగుతుంది, కొండ దిగితే పెట్రోలు ఊరుతుంది కాబోలు. పాత పెట్రోలు ముల్లు కూడా ఎక్కుడులో ఒకలా దిగుడులో ఒకలా చూపించేది. తేడా ఏమిటంటే అది ఊగేది, అందుకని ఎవరూ పూర్తిగా నమ్మేవారు కాదు. అంకె ఊగదు. ఎంత పెద్ద అబద్ధమైనా పరీక్ష రాసిన పిల్లవాడి మార్కులా నిటారుగా నిలబడి చెబుతుంది.

ముల్లా డిజిటలా అని అడిగే వాళ్ళకి అందుకే నా జవాబు ఒకటే. వెనక వైరు ఎక్కడికి వెళ్తుందో చూడు.

జ్యోతి కారు

పోయిన చలికాలం సోమన్న కూతురు జ్యోతి నా ఇంటికి వచ్చింది. ప్రమాదం నాటికి చంకలో పిల్ల. ఇప్పుడు సొంత కారు తోలుతుంది, టూరిస్టులని లంబసింగి, అరకు తిప్పుతుంది. కారులో డాష్‌బోర్డంతా ఒకటే తెర.

"మావయ్యా, నాన్న నా బండెక్కట్లేదు. ఊరంతా ఎక్కింది, ఆయన ఎక్కడు. ముల్లు ఏదే గుంటా అంటాడు. లేదంటే ఎనక్కెల్లిపోతాడు. సంతకి నడిసే ఎల్తన్నాడు, ఆ ఒంటి కంటితో. నువ్వో ముల్లు పెట్టవా?"

"కంపెనీ వాళ్ళు వారంటీ పోతుందంటారమ్మా."

"మరెలా?"

"సర్వీసుకి వెళ్ళే ముందు విప్పేద్దాంలే," అన్నాను. వృత్తిలో పడిన అలవాట్లు అంత త్వరగా పోవు.

మీటరు, సెన్సారు కొని వాళ్ళ ఇంటికే వెళ్ళాను. కాఫీ గింజలు ఆరబోసిన కళ్ళంలో కారు ఉంది. సోమన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పలకరించాను, తలూపాడు. పొయ్యి మీద గిన్నెతో నీళ్ళు పెట్టించి, సెన్సారు అందులో వేసి, అతని ఎదురుగానే మరిగించాను. ముల్లు సగం దాటింది, ఎర్రగీత దాకా వెళ్ళింది. అతను దగ్గరికి వచ్చి, మెడ తిప్పి ఎడమకన్ను మీటరుకి ఆనించి చూశాడు.

డాష్‌బోర్డు మీద మీటరు, రేడియేటర్ పై హోస్‌లో సెన్సారు బిగించాను. వైరు ప్లాస్టిక్ కవరు కింద నుంచి కనిపించకుండా తీయబోయాను.

"బయటెట్టు," అన్నాడు సోమన్న.

"చూడడానికి బాగోదు నాన్నా," అంది జ్యోతి.

"బయటెట్టమను."

బయటే పెట్టాను. అంతా అయ్యాక సోమన్న కారు దగ్గరికి వచ్చాడు. మీటరు వెనక వేలు పెట్టాడు, వైరు పట్టుకున్నాడు. కాలి నున్నగా అయిపోయిన ఆ కుడిచెయ్యి వైరు వెంట మెల్లగా జరుగుతూ బయటికి వచ్చి, బానెట్ కిందకి వెళ్ళింది. సెన్సారుకి జానెడు ఇవతల ఆగింది. అక్కడ వైరు చాలక ఇంకో ముక్క కలిపాను. పైన నల్లటేపు.

"ఇదేటి?"

"జాయింటు."

"ఇప్పు."

ఇన్నేళ్ళలో అతను ఆ సంగతి ఒక్కసారి ఎత్తలేదు. మర్చిపోయాడనో, తప్పు తనదే అనుకున్నాడనో నాకు అనుకూలంగా నేను అనుకుంటూ వచ్చాను. టేపు విప్పాను. లోపల రెండు రాగిపోగులు మెలిపెట్టి ఉన్నాయి, ఇంకేమీ లేదు. అతను వంగి చాలాసేపు చూశాడు.

"తప్పు నాది సోమన్నా," అన్నాను. జ్యోతి మా ఇద్దరి వంకా చూసింది.

"తెల్సు," అన్నాడు. "టేపు సరిగ్గా సుట్టు. వాన్నీల్లు ఎల్తాయి."

చుట్టాను. టేపు రెండుసార్లు జారింది. నేను పూర్తిచేసేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి ముందు సీట్లో, ముల్లు కనిపించేలా కొంచెం అడ్డంగా కూర్చుని, "పోనియ్యే గుంటా, సంతకి పొద్దు పోతంది," అన్నాడు.